పదహారేళ్ళ పిల్ల, కేంబ్రిడ్జి చలి

చలికాలం వస్తే మా బోధన్ షుగర్ ఫ్యాక్టరీ దగ్గర తెల్లవారకముందే చెరుకు బండ్లు బారులు తీరేవి. చలిమంట దగ్గర ముడుచుకుని "అబ్బ, ఏం చలే!" అంటే, "పదహారేళ్ళొచ్చాయి, ఆమాత్రం ఓర్చుకోలేవా?" అనేది అమ్మ.

సరోజినీదేవి గురించి చదివినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది నాకు. 1895లో నిజాం స్కాలర్‌షిప్‌తో హైదరాబాదు నుంచి ఇంగ్లండు వెళ్ళేనాటికి ఆవిడకూ పదహారే. మొదట లండన్‌లో కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జిలో గర్టన్. ఆడపిల్లల కోసమే 1869లో పెట్టిన కాలేజీ అది. ఆ చలిలో, అమ్మ చేతి అన్నం లేకుండా ఎలా వేగిందో పాపం!

ఇంతా చేస్తే, అక్కడ ఆడవాళ్ళు పరీక్షలు రాయొచ్చు గానీ పట్టా ఇవ్వరు. 1897లో ఇద్దామా అని ఓటు పెడితే, వద్దన్నవాళ్ళే గెలిచారు. సైకిలెక్కిన ఆడదాని బొమ్మను వీధిలో వేలాడగట్టి కుర్రాళ్ళు వేళాకోళం చేశారు కూడా.

1898లో ఆరోగ్యం చెడి, డిగ్రీ లేకుండానే తిరిగొచ్చిందావిడ. ఆ ఏడాదే కులం గోడ దాటి, మన తెలుగు డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని పెళ్ళాడింది. తర్వాత కవిత్వం, కాంగ్రెసు, జైళ్ళు.

కేంబ్రిడ్జి ఆడవాళ్ళకు పట్టాలిచ్చింది 1948లో. అప్పటికి సరోజినీదేవి ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరు. ఇంక ఆ కాగితం ఎందుకు, చెప్పండి?