పట్టూ విడుపూ: రమ్మీ మాటలకు వ్యాఖ్యానం

సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నారని పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు ఈ ఆటను మూడు ముక్కలాటతో ఒకే గాటన కట్టడానికి ఒప్పుకోలేదు. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఇందులో నేర్పుదే పైచేయి అన్నది దాని సారం. చట్టం అవసరానికి చెప్పినా, ఆట గురించి ఇంత క్లుప్తమైన పాఠం నాకు మరొకటి కనిపించలేదు. జ్ఞాపకం, పట్టు, విడుపు. మొదటి రెండూ ఎవరైనా త్వరగానే పట్టుకుంటారు. మూడోది చాలామందికి ఏళ్ల తరబడి ఆడినా అబ్బదు. ఆ మాటలనూ, ఆటలో కూర్చున్నవాళ్ల నోట నలిగే మాటలనూ కలిపి ఇక్కడ విప్పుతున్నాను.

లైఫ్: ఒకే గుర్తులో జోకర్ సాయం లేకుండా వరసగా కుదిరిన ముక్కలు. పేరు పెట్టినవాళ్లకు ఆట లోతు తెలుసు. ఇది లేనివాడి చేతిలో ఎన్ని సెట్లు కుదిరినా, అవతలివాడు షో చెప్పగానే, అంటే చేయి కుదిరిందని ముక్కలు పరచగానే, అన్నీ కౌంటులోకి, అంటే మన మీద పడే పాయింట్లలోకి వచ్చేస్తాయి. ఆసు, రాజు, రాణి, జాకీ తలా పది. కౌంటు ఎనభై దగ్గర ఆగుతుంది. అందుకే చేతికి ముక్కలు రాగానే జోకర్లు ఎన్ని వచ్చాయని కాదు, లైఫ్ ఎక్కడ పుడుతుందని చూడాలి.

పట్టు: ఉంచుకోవడం. ఇది లెక్క. రెండు పేకలు, రెండు జోకర్ బొమ్మలు కలిపితే 106 ముక్కలు. మన పదమూడు, జోకర్ కోసం తిప్పింది, పక్కన తెరిచింది తీసేస్తే కంటికి కనిపించనివి 91. చేతిలో ఆటీను అయిదు, ఆరు ఉంటే నాలుగు గానీ ఏడు గానీ రావాలి; అవి రెండేసి చొప్పున నాలుగు ముక్కలు. అదే అయిదు, ఏడు ఉంటే ఆరు ఒక్కటే దారి, రెండే ముక్కలు. చూపుకి రెండు జతలూ ఒకేలా ఉంటాయి, ఆశ మాత్రం సగానికి సగం. ఇక ఆటీను ఏడు, ఎనిమిది, వాటి పక్కన ఇస్పేటు ఎనిమిది ఉన్నాయనుకోండి. ఆటీను ఆరు, తొమ్మిది వచ్చినా, డైమను ఎనిమిది, కళావరు ఎనిమిది వచ్చినా ఏదో ఒకటి పూర్తవుతుంది: ఎనిమిది ముక్కలు. మూడు ముక్కలు ఇలా ఒకదాన్నొకటి అల్లుకుని కూర్చుంటే వాటిని చివరిదాకా విడదీయను.

ఇంకో సంగతి. మూడు నుంచి రాణి వరకు ఏ ముక్కైనా మూడు ముక్కల వరసలు మూడింటిలో ఇమిడిపోతుంది. ఆసు, రెండు, రాజు మాత్రం రెండేసి వరసల్లోనే పడతాయి. రాజును కౌంటుకి భయపడి పారేస్తారు గానీ, దానికి బంధువులు తక్కువన్నది కూడా కారణమే.

విడుపు: పారేయడం. నా దృష్టిలో రమ్మీ అంతా ఇక్కడే ఉంది. పారేసిన ముక్క మన తర్వాతి మనిషికి రాసిన ఉత్తరం. అతను తెరిచిన ఇస్పేటు తొమ్మిదిని తీసుకున్నాడంటే తన చేతిలో సగం చెప్పేసినట్టే: ఇస్పేటులో దాని చుట్టుపక్కల జతలు గానీ, వేరే గుర్తుల తొమ్మిదులు గానీ ఉన్నాయి. ఆ తర్వాత ఇస్పేటు ఎనిమిది, పది మన చేతిలో పనికిరాకుండా పడి ఉన్నా బిగపట్టుకోవాలి. అలా కాక, తొమ్మిదిని ముట్టని మనిషి ఇస్పేటు పది పారేస్తే, తొమ్మిది, జాకీ వేయడానికి మనకు ధైర్యం వస్తుంది.

ఈ చదువు తిరగేస్తే గాలం. నాకు ఆటీను ఎనిమిది కావాలి. తొలి చుట్లలోనే ఇస్పేటు ఎనిమిది పారేస్తాను. వీడికి ఎనిమిదులతో పని లేదనుకుని, తన దగ్గరి ఆటీను ఎనిమిదిని నా ముందు మనిషి వదిలే అవకాశం పెరుగుతుంది. ఆలస్యంగా వేసిన గాలం పనిచేయదు. అప్పటికి అందరూ జాగ్రత్తలో ఉంటారు.

కష్టమంతా మమకారంతోనే. అయిదు చుట్లు ఎదురుచూసిన జతను వదలడానికి చేయి రాదు. ఎదురుచూసినందువల్ల ఆ ముక్క రావాలని ఏమీ లేదు. నాకు కావలసిన ఆర్లు రెండూ పడిపోవడం కళ్లారా చూసి కూడా అయిదు, ఏడు పట్టుకుని కూర్చున్న రోజులు నాకున్నాయి. ఆ జత చచ్చిపోయిందని ఒప్పుకోవడానికి మనసుకి ఇంకో రెండు చుట్లు పడుతుంది, ఆలోపు ఎవరో షో చెబుతారు.

జ్ఞాపకం: అన్నీ గుర్తుపెట్టుకోబోతే ఏదీ మిగలదు. మన జతలకు కావలసినవి ఎన్ని పడ్డాయి, తర్వాతి మనిషి ఏం తీశాడు. ఈ రెండూ చాలు.

జోకర్: పెద్ద జతకో, ఒక్క దారే ఉన్న జతకో వాడాలి. రెండు దారులున్న జతకు జోకర్ ఖర్చుపెట్టడం దుబారా. ఏడు జోకరైతే ఆరు, ఎనిమిది ముక్కలను కొంత నిశ్చింతగా పారేయవచ్చు, ఎందుకంటే ఏడుని వరసలో మామూలు ముక్కగా పేర్చేవాళ్లు తక్కువ.

స్కూట్: ముక్కలు చూసి, ఇంకా ఏదీ తీయకుండానే తప్పుకోవడం. విడుపుల్లో ఇదే పెద్దది. 101 ఆటలో సాధారణంగా స్కూట్ ఇరవై, మధ్యలో వదిలితే నలభై, ఫుల్ కౌంట్ ఎనభై. ఒక్క ఫుల్ కౌంట్‌కి నాలుగు స్కూట్లు సమానం. వరసగా అయిదుసార్లు స్కూట్ పెట్టినా వందే, ఇంకా ఆటలోనే ఉంటాం. లైఫూ లేక, జోకరూ లేక, ముక్కలన్నీ విడివిడిగా ఉన్నప్పుడు ఇరవై ఇచ్చేయడం పిరికితనం కాదు. అయినా అప్పుడే ఎనభై పోగొట్టుకున్నవాడు స్కూట్ పెట్టడు. పోయింది ఈ చేతిలోనే రాబట్టాలని కూర్చుంటాడు.

పందెం తోడైతే ఆ తొందర ఇంటి మీదికి వస్తుంది. ఆనాటి తీర్పు కూడా నేర్పుందని చెప్పి ఊరుకోలేదు. ఆట పేరుతో క్లబ్బు లాభం గుంజితే నేరమయ్యే దారిని తెరిచే ఉంచింది. ఆన్‌లైన్ రమ్మీ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం నేర్పా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపింది. రమ్మీని ప్రేమించేవాడిగా నాకిది సరైనదనిపిస్తుంది. స్కూట్ పెట్టలేని మనసుకి అర్ధరాత్రి ఫోనులో ఇంకో ఆట ఎప్పుడూ సిద్ధంగా ఉండకూడదు.

షో: పేకలోంచి తీసిన ముక్కను చేతిలో కలపకుండా అక్కడికక్కడే పారేస్తున్న మనిషిని గమనించండి. అతని చేయి నిండింది, ఒక్క ముక్క కోసం చూస్తున్నాడు. అప్పుడు మన పెద్ద ముక్కలు దించుకోవాలి. మన వంతు వస్తే ముందు లైఫ్, ఆ తర్వాత రెండో వరస, ఆపైన సెట్లు విడివిడిగా పేర్చి, ఒకసారి వేలితో తడిమి, అప్పుడు చివరి ముక్క బోర్లించాలి. సెట్టులో ఒకే గుర్తు రెండుసార్లు వచ్చిందని ముక్కలు పరిచాక తెలిస్తే రాంగ్ షో, ఎనభై.