హెడరు ఫైలు ఎక్కడ నున్నది?

క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి వంట తెలియక కాదు, పోపుల డబ్బా ఏ అలమరలో నున్నదో తెలియక మొదటి దినమున ఇబ్బంది కలుగును. ఒక ఆపరేటింగ్ సిస్టముపై చక్కగా నడచిన ప్రోగ్రామును మరియొక దానిపైకి తీసికొనిపోయినపుడు ఎదురగు మొదటి చిక్కు ఇట్టిదే. ప్రోగ్రాము మంచిదే, దానిని యంత్రభాషలోనికి మార్చు కంపైలరు కూడ మంచిదే. అయినను "ఫలానా ఫైలు కనబడలేదు" అని కంపైలరు పని ఆపివేయును.

ఇట్లు కనబడకపోవునది తరచు హెడరు ఫైలు. సీ భాషలో వ్రాయువారు తాము పిలువబోవు ఫంక్షనుల వివరములను ప్రతి ప్రోగ్రాములోను మరల వ్రాయరు. వానిని వేరొక ఫైలులో నుంచి, "ఇన్‌క్లూడ్" అను ఒక్క పంక్తితో తెప్పించుకొందురు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో ఈ సౌకర్యము 1972–73 ప్రాంతమున చేరెను. బీసీపీఎల్, పీఎల్/వన్ భాషలలో ఇట్టి ఏర్పాటు అప్పటికే కలదు.

ఆ దినములలో యూనిక్స్ సిస్టము పీడీపీ-11 అను ఒకే జాతి యంత్రముపై నడచుచుండెను. 1975 నాటి ఆరవ కూర్పును పరిశీలించినచో, దాని కెర్నెల్ ఫైళ్లు హెడరు కొరకు "ఒక మెట్టు పైనున్న డైరెక్టరీలో చూడుము" అని మాత్రమే చెప్పుచుండెను. "మా యింటి వెనుక సందులో" అని దారి చెప్పినట్లన్న మాట! ఆ యూరివారికి అది చాలును.

1977లో యూనిక్స్ ఊరు మారనారంభించెను. ఆస్ట్రేలియాలోని వులాంగాంగ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ మిల్లర్ దానిని ఇంటర్‌డేటా 7/32 యంత్రముపైకి చేర్చెను. ఇంచుమించు అదే కాలమున బెల్ ప్రయోగశాలలలో స్టీవ్ జాన్సన్, రిచీ 8/32పైకి చేర్చిరి. పీడీపీ-11లో సాధారణ పూర్ణాంకము 16 బిట్లు; ఇంటర్‌డేటాలో 32 బిట్లు. ఇట్టి భేదములను ప్రోగ్రామంతటను వెదజల్లక ఒకచోట చేర్చుటకు హెడరు ఫైలే తగిన స్థలము. 1979 నాటి ఏడవ కూర్పులో /యూఎస్‌ఆర్/ఇన్‌క్లూడ్ అను డైరెక్టరీ ఇట్టి ఫైళ్లకు ఉమ్మడి కొట్టుగది. ఫైలు పేరును కోణపు గుర్తుల నడుమ వ్రాసిన కంపైలరు ఆ గదిలో వెదకును. ఉల్లేఖన చిహ్నముల నడుమ వ్రాసిన ముందు ప్రోగ్రాము చెంతనే చూచి, తరువాత అచ్చటికి పోవును. "మైనస్ ఐ" అను ఆదేశముతో మరికొన్ని డైరెక్టరీలను జాబితాకు చేర్చవచ్చును.

అంతలో యూనిక్స్ కుటుంబము వేరుపడెను. అక్షరమాలలను నిర్వహించు ఫంక్షనుల హెడరును 1983 నాటి సిస్టమ్ ఫైవ్‌లో స్ట్రింగ్.హెచ్ అనియు, అదే సంవత్సరపు బర్క్లీ 4.2లో స్ట్రింగ్స్.హెచ్ అనియు పిలిచిరి. ఒక్క "ఎస్" అధికము! అందుకొరకై ఎందరు రాత్రులు మేలుకొనిరో! 1988లో పోజిక్స్, 1989లో అమెరికా జాతీయ సీ ప్రమాణము పేర్ల తగవును చాలవరకు తీర్చినవి. కాని హెడరును ఎక్కడ వెదకవలెనను విషయమును సీ ప్రమాణము కంపైలరు నిర్మాతలకే విడిచిపెట్టెను. 1991లో డేవిడ్ మెకెంజీ ఆరంభించిన ఆటోకాన్ఫ్, ప్రతి యంత్రముపైనను చిన్న చిన్న ప్రోగ్రాములను కంపైలు చేసి, ఏ హెడరు కలదో ఏది లేదో పరీక్షించు సాధనము.

ఆచారభేదములు నేటికిని పోలేదు. లినక్స్‌లో జీసీసీ సాధారణముగా /యూఎస్‌ఆర్/లోకల్/ఇన్‌క్లూడ్‌ను తనంత తానే వెదకును; ఫ్రీబీఎస్‌డీలో సిస్టముతో వచ్చు కంపైలరు చెప్పనిదే అచ్చటికి పోదు. మైక్రోసాఫ్ట్ కంపైలరు, హెడరును తెప్పించిన ఫైలు డైరెక్టరీనే గాక, ఆ ఫైలును తెప్పించిన ఫైలు డైరెక్టరీని కూడ చూచును. కనుక విండోస్‌పై దొరికిన హెడరు లినక్స్‌పై మాయమగుటలో వింత లేదు.

ఇట్టి సమయమున పాత యంత్రమునుండి ఆ హెడరును కాపీచేసి తెచ్చుట కొందరి అలవాటు. ఫైలు కనబడలేదను ఫిర్యాదు అంతటితో ఆగును. ప్రమాదము అచ్చటనే మొదలగును. పాత హెడరు కాలమును 32 బిట్ల సంఖ్యగా వర్ణించి, క్రొత్త సిస్టము 64 బిట్లుగా నిల్పినచో, ప్రోగ్రాము కంపైలు అగును, నడచును, తప్పు సమాధానము నిచ్చును. ఉప్పు డబ్బాలో పంచదార ఉన్నట్లే. డబ్బా దొరకకున్న ఇంతకంటె మేలు.

కాపీ చేయుటకు బదులు కంపైలరునే అడుగవలెను. జీసీసీ, క్లాంగ్ కంపైలరులకు "మైనస్ వీ" అను ఆదేశమిచ్చిన, తాము వెదకు డైరెక్టరీల జాబితాను వరుసగా చూపును. "మైనస్ పెద్ద హెచ్" ఇచ్చిన, నిజముగా తెరచిన ప్రతి హెడరు యొక్క చిరునామాను చెప్పును. విద్యార్థులు ఒక చిన్న ప్రోగ్రాముపై దీనిని చేసి చూచినచో, ఒక్క పంక్తి వెనుక ఎన్ని ఫైళ్లు తెరువబడుచున్నవో చూచి ఆశ్చర్యపడుదురు.

ఒక్కొక్కప్పుడు జాబితా సరిగానే యుండును, అడిగిన పేరే పాతబడి యుండును. లినక్స్‌లో వ్రాసిన ప్రోగ్రాము మాల్లాక్.హెచ్ కోరినచో మాక్‌లో అది ఆ పేరుతో దొరకదు. ఫ్రీబీఎస్‌డీవారు ఆ పేరుతో ఒక ఫైలు నుంచిరి గాని, దానిని తెరచిన కంపైలరుకు లభించునది దోష సందేశమే: దీని స్థానమున స్టడ్‌లిబ్.హెచ్ వచ్చినదని. ఇల్లు ఖాళీచేసినవారు తలుపుపై క్రొత్త చిరునామా అంటించి పోయినట్లు! ఆ చీటీ చెప్పినట్లే పంక్తిని మార్చిన, మూడు సిస్టములపైనను అదే పంక్తి చెల్లును.