ఊయల ఊపిన చేతులు



పనిమనిషి ఒక్కపూట రాకపోతే ఇల్లెంత తారుమారవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అంట్లు, బట్టలు, వాకిలి అన్నీ ఒక్కసారే గుర్తుకొస్తాయి. కాని ఆమె మన పిల్లలకు ఏం నేర్పి వెళుతోందన్నది మాత్రం ఎప్పుడోగాని గుర్తురాదు. ఇవాళ ఆ సంగతే కాస్త మాట్లాడుకుందాం.

మాది నారాయణపేట. చీరలు కొనే ఆడవాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. వెనుకటి మహబూబ్‌నగర్ జిల్లాలోది, 2019లో తానే ఒక జిల్లా అయింది. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉండటంవల్ల మా బజారులో నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా బడిలో చేరేనాటికే నాకు కన్నడం వచ్చు. నేర్పిందెవరనుకున్నారు? మా ఇంట్లో పనిచేసిన అవ్వ. "బా, ఊట మాడు" అంటూ ముద్దలు కలిపి పెట్టేది. చీకట్లో పెరట్లోకి వెళ్ళే ధైర్యం కూడా ఆమె చెయ్యి పట్టుకునే నేర్చుకున్నాను.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. గాంధీగారి ఆత్మకథ చదివినవాళ్ళకి రంభ గుర్తుండే ఉంటుంది. ఆమె ఆ ఇంటి పాత దాసి. దయ్యాలంటే భయపడే పిల్లవాడికి రామనామం జపించమని చెప్పింది. ఆ మందు మీదకంటే ఆమె మీదే తనకు నమ్మకం ఎక్కువగా ఉండేదని ఆయనే రాసుకున్నారు. చూశారా! పిల్లలు ముందు మనిషిని నమ్ముతారు, ఆ తర్వాతే మాటను నమ్ముతారు.

రవీంద్రనాథ్ ఠాగూర్ కథ ఇంకో రకం. కలకత్తాలోని ఆ పెద్ద లోగిలిలో పిల్లలు నౌకర్ల చేతికింద పెరిగారు. శ్యామ్ అనే నౌకరు సుద్దముక్కతో చుట్టూ గీత గీసి, ఇది దాటితే ప్రమాదమని బెదిరించి తన దారిన తాను పోయేవాడు. సీత లక్ష్మణరేఖ దాటి పడ్డ పాట్లు తెలిసిన పిల్లవాడు కిక్కురుమనకుండా కూర్చునేవాడు. ఈశ్వర్ అనే మరో నౌకరు సాయంత్రాలు పిల్లలకు రామాయణ, భారతాలు చదివి వినిపించేవాడు. అదే ఈశ్వర్, పిల్లలు పాలు వద్దంటే రెండోసారి బతిమాలేవాడు కాదు. ఆ పాలు తన పాలే గదా! మంచీ చెడ్డా రెండూ ఆ చేతులమీదుగానే అందాయి.

ఇక మన తెలంగాణ సంగతికి వద్దాం. ఇది కాస్త చేదు. నిజాం కాలంలో దొరల గడీలలో ఆడబాపలుండేవారు. దొరల ఆడపిల్ల అత్తవారింటికి వెళుతుంటే, సారెతోపాటు ఒక పేదింటి పిల్లను కూడా పంపేవారు. ఆమెకు పెళ్ళీ, సంసారం ఉండేవి కావు. దొరసాని బిడ్డలకు నీళ్ళు పోయాలి, జోల పాడాలి, పిలిస్తే పలకాలి. దాశరథి రంగాచార్య గారి "చిల్లర దేవుళ్ళు" నవల చదివిన వాళ్ళకు ఆ బతుకు తెలుసు. మరి ఆ ఇంట్లో పెరిగిన పిల్లలేం నేర్చుకుని ఉంటారు? ఒక మనిషి ఇంకో మనిషికి సొత్తు కావచ్చునన్న పాఠం! దాన్ని ఎవరూ పలకమీద రాసి చెప్పలేదు. కళ్ళతో చూసి నేర్చుకున్నారు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. ఆయన మా పాలమూరు వారే. దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. వెట్టికి వ్యతిరేకంగా లేచిన గొంతులు తర్వాత రైతు పోరాటంలో ఇంకా పెద్దవయ్యాయి. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకోకూడదని 2006లో నిషేధించారు.

చట్టాలు వచ్చాయి సరే, మరి మన ఇళ్ళల్లో? పాలమూరు నుంచి పనికోసం హైదరాబాదు, బొంబాయి వెళ్ళిన కుటుంబాలెన్నో. అందులో ఒక తల్లి మీ పాపకి జడ వేస్తున్నవేళ ఆమె పాపకి జడ ఎవరు వేస్తున్నారో మీరెప్పుడైనా అడిగారా?

నేను అడగలేదు. అందుకే ఇది మీ ముందు పెడుతున్నాను. మా అవ్వకు నా ఈడు మనవరాలుండేది. నేను పలక పట్టుకుని బడికి పోతుంటే ఆ పిల్ల మా గడపలో కూర్చుని చూసేది. తర్వాత ఎవరో మగ్గం ఉన్నవాళ్ళింట్లో కండెలు చుట్టే పనికి కుదిరింది. నాకు రెండు భాషలు వచ్చాయి, ఆ పిల్లకు ఒక్క అక్షరమైనా రాలేదు. అవ్వ నాకిచ్చినదాంట్లో ఎంత భాగం ఆ పిల్లదో ఇప్పుడు లెక్క తేలదు.

అంచేత నేను చెప్పొచ్చేదేమిటంటే, పనిమనిషి దగ్గర పిల్లలు చెడిపోతారేమోనని భయపడేముందు, ఆమెతో మనం మాట్లాడే తీరు చూసి పిల్లలు ఏమవుతున్నారో చూసుకుందాం. మనం "ఒసేయ్" అంటే ఐదేళ్ళ పిల్లవాడూ "ఒసేయ్" అంటాడు. "అక్కా" అంటే "అక్కా" అంటాడు. టీ ఇచ్చే గ్లాసు వేరైతే అదీ గమనిస్తాడు. పండక్కి పాత చీర ఇచ్చి సరిపెట్టుకోకుండా, జీతం అనుకున్న రోజుకి ఇద్దాం, వారానికో సెలవిద్దాం. ఆమె పిల్లల బడి సంగతి కనుక్కుందాం.

మన పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఏ బడిలోనూ దొరకదు.