ఇంటర్‌స్లావిక్

స్లావిక్ భాషల వారు ఒకరి మాట ఒకరు అర్థం చేసుకునేందుకు పలు దేశాల ఔత్సాహికులు కలిసి కూర్చిన కృత్రిమ భాష. ఇలాంటి ఊహకు ఆద్యుల్లో ఒకరు క్రొయేషియా మతాచార్యుడు యురయ్ క్రిజానిచ్; సైబీరియా ప్రవాసంలో ఉండగానే 1666లో అలాంటి భాషకు వ్యాకరణం ముగించాడు. నేటి రూపం 2006లో మొదలైంది. చెక్ దేశీయుడు వోయ్‌త్యెఖ్ మెరున్కా విడిగా నడిపిన ఇలాంటి మరో భాష నియోస్లావోనిక్‌తో రాజీ కుదిరి, 2017 నాటికి ఒకే వ్యాకరణం ఏర్పడింది.

సెర్బో-క్రొయేషియన్‌లో లాగే ఇందులోనూ సంబోధనతో కలిపి ఏడు విభక్తులున్నాయి; లాటిన్, సిరిలిక్ లిపులు రెండూ చెల్లుతాయి. ‘చదువుతున్నాను’కు ‘చితాయు’, ‘చితామ్’ రెండూ ఒప్పే. రెండోది అచ్చం సెర్బో-క్రొయేషియన్ రూపమే. ఉమ్మడి కృషిలో ఇలాంటి సర్దుబాటు తప్పదు, కొత్తగా నేర్చేవారికి అది కాస్త తికమకే అయినా. ఈ భాష వెండితెరకూ ఎక్కింది: ‘ది పెయింటెడ్ బర్డ్’ (2019) చిత్రంలో గ్రామస్థుల క్రౌర్యం ఏ ఒక్క జాతికీ అంటకుండా, దర్శకుడు వాత్స్లావ్ మర్హౌల్ వారి చేత ఈ భాషే మాట్లాడించాడు.