కురొబె నది ఆనకట్టలు
జపాన్‌లో తొయామా ప్రిఫెక్చర్ గుండా పారే కురొబె నదిపై జలవిద్యుత్తు కోసం ఒకదాని తర్వాత ఒకటిగా కట్టిన ఆనకట్టలు. సుమారు 3,000 మీటర్ల ఎత్తున పుట్టి, దాదాపు 85 కిలోమీటర్లలోనే సముద్రంలో కలిసే ఈ నదికి వాలు చాలా ఎక్కువ. విద్యుత్తుకు అదే వరం. నిర్మాణానికి మాత్రం గండం.

మొదటి కష్టం సెన్నిందాని ఆనకట్ట (1940) పనుల్లో ఎదురైంది. సొరంగం తవ్వేచోట రాతి వేడి 160 డిగ్రీలు దాటి, డైనమైట్ తనంతట తానే పేలేది. 1938 డిసెంబరులో మంచుచరియ కార్మికుల వసతిగృహాన్ని ఊడ్చేసి 84 మందిని బలిగొంది.

వీటిలో ప్రసిద్ధమైనది కురొబె డ్యామ్. 186 మీటర్ల ఎత్తుతో దేశంలోకెల్లా ఎత్తైన ఈ కమాను ఆనకట్టను కాన్సాయ్ విద్యుత్ సంస్థ 1956లో మొదలుపెట్టి 1963లో పూర్తిచేసింది. సామగ్రి చేరవేసే సొరంగంలో చన్నీళ్లు ఉబికే పగుళ్ల పొర అడ్డుపడింది. 80 మీటర్లు దాటడానికి ఏడు నెలలు పట్టింది. మొత్తం 171 మంది చనిపోయారు. దీని విద్యుత్కేంద్రం దిగువన, భూగర్భంలో ఉంది. 1968లో ఈ నిర్మాణగాథ తొషిరో మిఫునె నటించిన చలనచిత్రమైంది. ఇప్పుడు వేసవి నుంచి అక్టోబరు మధ్య వరకు నీటిని వదిలేది ప్రధానంగా పర్యాటకుల కోసమే.

దిగువన ఉన్న దషిదైరా (1985), ఉనజుకి (2001) ఆనకట్టల అసలు సమస్య పూడిక. వరదవేళ రెండూ కలిసి అడుగు గేట్లు ఎత్తి బురదను కిందికి వదులుతాయి. 1991లో దషిదైరా తొలిసారి అలా వదిలినప్పుడు కుళ్లిన బురద తొయామా అఖాతం చేరి, మత్స్యకారుల ఆగ్రహానికి కారణమైంది.