నెల్లూరు నుంచి నేటాల్‌కి: ఒక తెలుగు మిషనరీ కుటుంబం, రెండు జాబితాలు

మిషనరీ అనగానే మన కళ్ళముందు మెదిలేది ఒక తెల్లదొర, ఆయన పక్కన దొరసాని, వెనక ఒక బంగళా. మన దగ్గర క్రైస్తవ మిషన్ల చరిత్ర ఎక్కువగా రెండు రకాల వాళ్ళు రాశారు. మిషన్ సొంత చరిత్రకారుల కథలో నాయకుడు దొర. మాల మాదిగ పల్లెలు ఆయన కోత కోసిన పొలాలు. జాతీయవాద చరిత్రకారుల కథలో దొర మాయగాడు, పల్లెలు ఆయన గంజికీ గోధుమ రవ్వకీ పడిపోయిన అమాయకులు. ఒకరు పొగిడారు, ఒకరు తిట్టారు గానీ ఇద్దరి వ్యాకరణం ఒకటే. కర్త దొర, కర్మ మనం.

ఈ వ్యాకరణం తిరగబడిన సందర్భం ఒకటి ఉంది. 1903లో నెల్లూరు నుంచి ఒక తెలుగు మిషనరీ కుటుంబం సముద్రం దాటి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలస రాజ్యానికి వెళ్ళింది. దాన్ని పంపింది తెలుగు సంఘాలే. పోయింది కూడా తెల్లవాళ్ళ దగ్గరికి కాదు, చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న మనవాళ్ళ దగ్గరికి. ఆ కుటుంబ పెద్ద రెవరెండ్ జాన్ రంగయ్య. ఈ ప్రయాణం దళిత చరిత్రకి ఎందుకు ముఖ్యమో మేము ఇక్కడ చర్చిస్తున్నాం.

పంపినవాళ్ళు

అమెరికన్ బాప్టిస్టులు మన ప్రాంతంలో పని మొదలుపెట్టింది 1836లో. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో స్థిరపడ్డాడు. పాతికేళ్ళ పాటు చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఈ మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొర కూడా మొదట అగ్రకులాల వైపే చూశాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని ఒంగోలు బ్రాహ్మణ పెద్దలు ఆయనకి తేల్చి చెప్పారు. అప్పటికే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి మిషన్ తలుపు తట్టి ఉన్నాడు. ఆయన అంతకుముందే యోగమార్గంలో ఉండి, గురువుల దగ్గర ఉపదేశం పొందిన మనిషి. క్లౌ దొర మాటలు పల్లెలకి అర్థమయ్యేలా చేసింది పేరయ్య నడిచిన ఊళ్ళూ, ఆయన బంధువర్గమూను. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ సంఖ్యనే అందరూ ఉటంకిస్తారు. ఆ మనుషులు తర్వాత ఏం చేశారన్నది ఎవరికీ పట్టలేదు. దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ ప్రసంగీకుల నోట విన్న కథలతో 1899లో ఒక పుస్తకం అచ్చేసింది. అందులో మాదిగలు మాట్లాడతారు, గురువుల్ని వెతుక్కుంటారు, వాదిస్తారు, నిర్ణయించుకుంటారు. అయినా ఆ పుస్తకం అచ్చయిన నాలుగేళ్ళకి ఆ మనుషులే తమ బోధకుణ్ణి విదేశానికి పంపిన సంగతి మన మిషన్ చరిత్రల్లో ఒక పేరా దాటదు.

పంపింది తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగలు: పాలేళ్ళు, కూలీలు, చెప్పులు కుట్టేవాళ్ళు. మన సంఘాల్లో కానుక అంటే పొయ్యిమీద ఎసరు పెట్టేముందు తీసిపెట్టే గుప్పెడు బియ్యం, పంటకి ఒక కుంచం, కోడిపుంజు, గుడ్లు. ఇలాంటి కానుకల మీద బతికే సంఘాలు సముద్రం అవతలికి ఒక కుటుంబాన్ని పంపాయంటే, అది దానం పుచ్చుకునేవాళ్ళు చేసే పని కాదు. అదే 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు అజరయ్య చొరవతో సొంత మిషనరీ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ పని తెలుగు నేల మీద దోర్నకల్‌లో మొదలైంది. ఆ ఏడాది దక్షిణ భారత క్రైస్తవులు తమ మిషన్‌కి తామే కర్తలమని రెండు చోట్ల చాటారు. ఒకటి మనకి బాగా తెలుసు. రెండోది మరిచిపోయాం.

ఓడ ఎక్కినవాళ్ళు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అది మొదలు 1911లో వలస ఆగిపోయేదాకా సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్ళారు. వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళు, తమిళులూ తెలుగువాళ్ళూను. అందరూ దళితులు కారు. కాపులూ, గొల్లలూ, చేతి వృత్తుల వాళ్ళూ కూడా ఉన్నారు. కరువూ అప్పూ పెద్దగా కులం చూడలేదు. అయినా ఊళ్ళో సెంటు భూమి లేక, వెట్టి తప్పక బతికినవాళ్ళకి ఆ ఓడ ఆశగా కనిపించడంలో వింత లేదు.

ఓడ ఎక్కే ప్రతి మనిషినీ ఒక జాబితాలో రాసేవాళ్ళు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ, అన్నిటికీ ముందు ఒక నంబరు. అక్కడ దిగాక ఆ మనిషి ఆ నంబరే. ఒప్పందం అయిదేళ్ళు. మగవాడికి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికి ఒక్కో షిల్లింగు పెంపు. ఆడమనిషికి అందులో సగం. బియ్యం, పప్పు కొలత ప్రకారం. పాసు లేకుండా తోట దాటి పోతే నేరం. వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు చొప్పున పంపేవాళ్ళు కాబట్టి, బారకాసుల్లో కాపురం నిలబెట్టుకోవడమే ఒక పోరాటం.

అయిదేళ్ళు గడిచి స్వేచ్ఛ వచ్చినా, అక్కడే ఉండిపోదలచినవాళ్ళ మీద 1895 చట్టం ఏడాదికి 3 పౌన్ల తలపన్ను వేసింది. మొదటి ఏడాది కూలీ మొత్తం కలిపితే 6 పౌన్లే. 1903లో ఆ పన్నుని పిల్లలకి కూడా పొడిగించారు: పదహారు నిండిన మగపిల్లలు, పదమూడు నిండిన ఆడపిల్లలు. భార్యాభర్తలు, ఎదిగిన కొడుకు, ఎదిగిన కూతురు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌన్లు. ఈ పన్ను ఉద్దేశం డబ్బు కాదు. మళ్ళీ ఒప్పందం రాయించుకో, లేదా ఓడెక్కి వెనక్కి పో అని చెప్పడం. రంగయ్య గారి కుటుంబం డర్బన్‌లో దిగింది సరిగ్గా ఆ 1903లోనే.

కేర్స్నీ తోటలో

నేటాల్ ఉత్తర తీరంలో స్టాంజర్ దగ్గర కేర్స్నీ అని ఒక తేయాకు తోట. ఆ స్టాంజర్ ఊరిపేరు ఇప్పుడు క్వాడుకుజా. తోట యజమాని సర్ లీజ్ హ్యూలెట్. భక్తిపరుడైన మెథడిస్టు, రాజకీయ నాయకుడు, నేటాల్‌లో ఒప్పంద కూలీలతో పెద్ద ఎత్తున పని చేయించుకున్న దొరల్లో ఒకడు. రంగయ్య గారి చేతుల మీదుగా 1903లో తెలుగు బాప్టిస్టుల మొదటి సంఘం ఏర్పడింది ఆ తోటలోనే. నెల్లూరు, ఒంగోలు వైపు సంఘాల నుంచి కూలీలుగా పోయిన విశ్వాసులు అప్పటికే అక్కడ ఉన్నారు. (ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. కాబట్టి ఓడ జాబితాలో నెల్లూరు జిల్లా అని ఉన్నంత మాత్రాన నెల్లూరు పట్నం చుట్టుపక్కల వాళ్ళనుకోకూడదు.) అంటే రంగయ్య గారు విత్తనం పట్టుకుపోయి చల్లలేదు. అది కూలీల మూటల్లో ముందే చేరింది. ఇక్కడ పేరయ్య ముందు, క్లౌ దొర వెనక. అక్కడ కూలీలు ముందు, బోధకుడు వెనక.

ఈ రెండు మిషనరీ కుటుంబాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒంగోలులో క్లౌ దొర పాలకుల రంగువాడు. కలెక్టరుకి ఉత్తరం రాస్తే చెల్లుతుంది. కరువులో బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించగలిగాడు. పల్లె మీద కరణం, మునసబు చేసే జులుం మీద ఫిర్యాదు చేయగలిగాడు. జనం ఆయన దగ్గరికి పోవడంలో ఈ బలం పాత్ర లేదని మేము అనం. నేటాల్‌లో రంగయ్య గారికి ఈ బలం ఒక్క పిసరు లేదు. చట్టం కళ్ళకి ఆయన కూడా ఒక భారతీయుడే. 1896లో భారతీయులకి పార్లమెంటరీ ఓటు తీసేశారు. 1897 చట్టం ఒప్పందం లేకుండా వచ్చే భారతీయులకి యూరపు భాషలో రాయగలగాలని షరతు పెట్టింది. ఈ మిషనరీ దగ్గర కాలువ కాంట్రాక్టు లేదు, గోధుమ లేదు. తోటలోకి పోవాలన్నా యజమాని దయ ఉండాలి. గంజి కోసం మతం మారారనే వాదం ఇక్కడ ఎలా నిలబడుతుంది?

మరి ఆ కుటుంబం ఇచ్చిందేమిటి? తెలుగులో ఆరాధన. పెళ్ళికీ చావుకీ పక్కన నిలబడే మనుషులు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇంకో జాబితా. బాప్టిస్టు పద్ధతిలో బిషప్పు ఉండడు. బాప్తిస్మం పొందిన ప్రతివాడి పేరూ సంఘ పుస్తకంలో ఉంటుంది. ఆ పేరున్న ఆడా మగా సంఘం కూటంలో చెయ్యెత్తి తీర్మానించవచ్చు. పెద్దని ఎన్నుకోవచ్చు, కాదనవచ్చు. వారం రోజులు నంబరుగా బతికిన మనిషి ఆదివారం పేరుగా బతికాడు. దేశంలో ఓటు లేనివాడికి సంఘంలో ఓటు ఉంది. ఓడ జాబితాలో కులం గడి ఉంది. సంఘ పుస్తకానికి ఆ గడి అక్కర్లేదు. ప్రభురాత్రి భోజనంలో గిన్నె ఒకటే.

కప్పిపుచ్చకూడనివి

దీన్నంతా విమోచన గాథగా మార్చడం మా ఉద్దేశం కాదు. ఒప్పంద కూలీ వ్యవస్థని ప్రసంగాలు కూల్చలేదు. 1913లో బొగ్గు గనుల నుంచి ఉత్తర తీరపు చెరుకు తోటల దాకా కూలీలు చేసిన సమ్మె, అందులో పోలీసు కాల్పుల్లో పోయిన ప్రాణాలు 1914లో 3 పౌన్ల పన్నుని రద్దు చేయించాయి. గాంధీ పేరుతో చెప్పుకునే ఆ గెలుపు నిజానికి ఈ కూలీలది. తెలుగు మిషన్ తెలుగువాళ్ళ మిషన్‌గానే ఉండిపోయింది. ఆ తోటలు లేచింది జూలూల నేల మీద. 1906లో బంబాటా తిరుగుబాటుని తెల్ల ప్రభుత్వం నెత్తుటిలో ముంచిన నేటాల్ అదే. మన బోధ ఆ నేల మనుషుల్ని చేర్చుకోలేకపోయింది. గిన్నె ఒకటైనంత మాత్రాన కులం సముద్రంలో మునిగిపోలేదు. కొత్త దేశంలో పేరు చివర నాయుడు చేర్చుకుని పాత కులాన్ని దాచుకున్నవాళ్ళ సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. కులం దాచుకోవలసి వచ్చిందంటే అది ఇంకా బతికే ఉందన్నమాట.

రంగయ్య గారు 1915లో మరణించారు. ఆయన కొడుకు కూడా తర్వాత అక్కడ బోధకుడయ్యారు. ఆ సంఘాల కూటమే ఇవాళ బాప్టిస్ట్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికాగా ఉంది. ఆరాధన చాలావరకు ఇంగ్లీషులోకి మారింది.

ఎవరి ప్రవాసం?

దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళ చరిత్ర చెప్పేటప్పుడు మన పండితులు 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభనీ, గుళ్ళనీ, రామభజనల్నీ చెబుతారు. అవి చెప్పవలసినవే. కానీ మహాసభకి 28 ఏళ్ళ ముందే తెలుగులో పాడుతూ, తెలుగులో తీర్మానాలు చేస్తూ నడిచిన సంఘం ఒకటి ఉంది. అది తెలుగు సంస్కృతి లెక్కలోకి రాదు, ఎందుకంటే క్రైస్తవం. మిషన్ చరిత్ర లెక్కలోకీ రాదు, ఎందుకంటే అందులో దొర లేడు. ఈ రెండు మినహాయింపుల మధ్య పడి మాయమైంది దళితుల కర్తృత్వం.

ప్రభుత్వం రాసిన ఓడ జాబితాలు దక్షిణాఫ్రికా అభిలేఖాగారాల్లో భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు వాటిని కంప్యూటర్లలోకి కూడా ఎక్కించారు. మనవాళ్ళకి నంబరు వేసిన కాగితం అలా నిలిచింది. మనవాళ్ళే రాసుకున్న కాగితాల్ని కాపాడే అభిలేఖాగారం లేదు. నెల్లూరు, రామాయపట్నం, ఒంగోలు సంఘాల బీరువాల్లో కానుకల లెక్కలు, కూటాల మినిట్సు పుస్తకాలు, నేటాల్ నుంచి వచ్చిన ఉత్తరాలు చెదపురుగుల కన్నా ముందు మన చేతికి అందాలి. గుప్పెడు బియ్యం ఎవరిచ్చారో, ఎవరి పేరు రాశారో అందులోంచే తెలియాలి.