నలుపు-ఎరుపు మట్టిపాత్రలు

లోపలి భాగం, మూతి అంచు నల్లగా, తక్కిన వెలుపలి భాగం ఎర్రగా ఉండే ప్రాచీన మట్టిపాత్రలు. దక్షిణాదిలో ఇనుప యుగపు సమాధుల్లో విరివిగా దొరుకుతాయి. ఈ రెండు రంగులూ పూసినవి కావు, కాల్చడంలో వచ్చినవి.

మట్టిలో ఇనుము సహజంగానే ఉంటుంది. ఆవంలో గాలి బాగా ఆడితే అది ఎర్రని ఆక్సైడుగా మారుతుంది. గాలి అందని చోట ఆ ఎరుపు రాదు, పైగా పొగలోని కర్బనం మట్టిలోకి ఇంకి నలుపు తేలుతుంది. పాత్రలో ఊక, గడ్డి వంటివి కూరి బోర్లించి కాలిస్తే లోపలికి, అంచుకు గాలి తగలదు. ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇది. రెండుసార్లు కాల్చి ఉంటారని వాదించేవారూ ఉన్నారు. పాత్రల నునుపును గాజుపూత అనుకోకూడదు. కాల్చకముందు, సగం ఆరిన మట్టిని నున్నటి గులకరాయితో రుద్దితే వచ్చే మెరుగు అది. చాలా పాత్రలను సారె మీదే చేశారు. అయితే గుండ్రని అడుగు సారె మీద రాదు. నేటి కుమ్మరులు దానికోసం లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడతారు.

గుజరాత్‌లోని లోథాల్‌లో హరప్పా కాలానికే ఇవి ఉన్నాయి. రాజస్థాన్‌లోని అహార్‌లో వీటిపై తెల్లని చిత్రణ కనిపిస్తుంది. దక్షిణాదిలో క్రీ.పూ. రెండో సహస్రాబ్ది చివరినుంచి బృహత్ శిలా సమాధులతో ముడిపడ్డాయి. రాజవంశాలకు ముందటి ఈజిప్టులోనూ నల్లని అంచున్న ఎర్రని పాత్రలు చేశారు. ఇంత దూరపు చోట్లను చూస్తే, వీటిని ఒకే జాతి వలసకు గుర్తుగా చెప్పడం సరికాదు. ఇది ఒక పనితనం. నిప్పును, గాలిని గమనించిన కుమ్మరి ఎక్కడైనా దాన్ని కనుక్కోగలడు.

తెలుగు నేలపై రాకాసి గుళ్ళుగా జనం పిలిచే సమాధుల్లో ఈ పాత్రలు దొరికాయి. నాగార్జునసాగర్ ముంపుకు ముందు నాగార్జునకొండ, ఏలేశ్వరాలలో జరిపిన తవ్వకాల్లోనూ ఇలాంటి సమాధులు బయటపడ్డాయి. కుమ్మరి నేర్పు కుండతో ఆగలేదు: కడప జిల్లా శంకవరంలో పొట్టేలు ఆకారపు మట్టి శవపేటిక దొరికింది.

వీటి కాలక్రమానికి గట్టి ఆధారం 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకం. అడుగున రాతి గొడ్డళ్ల సంస్కృతి, మధ్యలో బృహత్ శిలల సంస్కృతి, పైన ఆయన ఆంధ్ర సంస్కృతి అని పేరుపెట్టిన శాతవాహన కాలపు పొర వరుసగా కనిపించాయి. ఆ పై పొరలో ఎర్రమట్టి పూతతో, తెల్లని గీతలతో ఉన్న కొత్తరకం పాత్రలు చేరాయి.